మూడు ఎర్రచుక్కలు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఉన్నది ముగ్గురం. నేను, మా ఆయన, మా అత్తయ్య. నాలుగోది ఒక ముల్లు. నేను నడిపే బస్సులో, స్టీరింగు వెనక, గుండ్రటి అద్దం కింద ఉండే వేడి ముల్లు. దాని కాపురం షెడ్డులోనే అయినా, రెండు నెలల పాటు మా భోజనాల దగ్గర కూర్చుంది, మా మాటల్లో దూరింది, చివరికి మొగుడూ పెళ్ళాల మధ్యకి కూడా వచ్చి పడుకుంది.

కొండకి ఇవతల ఊరి నుంచి అవతల ఊరికి బస్సు నడుపుతాను. రోజుకి రెండు సార్లు వెళ్ళడం, రెండు సార్లు రావడం. మా కంపెనీలో ఇరవై ఆరు మంది డ్రైవర్లుంటే ఆడమనిషిని నేనొక్కదాన్నే. మా ఆయన అదే కంపెనీ షెడ్డులో పెద్ద మేస్త్రీ. ఇంజను విషయంలో ఆయన ఔనంటే ఔను, కాదంటే కాదు. ఇంట్లో మాత్రం అలా కుదరదు, అక్కడ మా అత్తయ్య ఉంటుంది.

షెడ్డు గేటు పక్కన ఒక రేకు బోర్డు ఉంది. దాని మీద డ్రైవర్లందరి పేర్లు తెల్లరంగుతో రాసి ఉంటాయి. ముల్లు ఎర్రగీత దాటి బస్సు దారిలో ఆగిందంటే ఆ డ్రైవరు పేరు పక్కన ఒక ఎర్రచుక్క పడుతుంది. ఒక్క సీజనులో మూడు చుక్కలు పడితే స్టీరింగు దిగాలి. దిగినవాళ్ళు బస్సులు కడుగుతారు, లేదంటే గేటు దగ్గర కూర్చుని టోకెన్లు ఇస్తారు. మళ్ళీ స్టీరింగు ఎక్కినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. ఈ రూలు మా మేనేజరు బుర్రలో పుట్టింది. ఇంజను వేడెక్కిందంటే డ్రైవరు నీళ్ళు చూసుకోలేదనే ఆయన లెక్క. ఆయన జన్మలో బస్సు నడపలేదు.

ఆ ఏడు సీజను మొదలవడానికి ముందు తనిఖీ వాళ్ళు వస్తారని బస్సులన్నిటికీ రంగులు వేశారు. మిగతా వాటికి పైపైన ఒక పూత. నా బస్సుకి మాత్రం మా ఆయన దగ్గరుండి ఇంజను దించి, కడిగి, తుడిచి, ఆకుపచ్చ రంగు వేసి మళ్ళీ ఎక్కించాడు. మూత ఎత్తి చూస్తే ఇంజనులా లేదు, కొత్త ఇంట్లో వంటగదిలా ఉంది. మిగతా డ్రైవర్లు వచ్చి చూసి, "పెళ్ళాం బస్సంటే ఆ మాత్రం ఉండాలి మేస్త్రీ" అని ఆటపట్టించారు. ఆయన పైకి కసురుకున్నాడు గాని, లోపల మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను. అబద్ధమెందుకు చెప్పాలి?

మొదటి చుక్క సీజను మొదలైన నాలుగో రోజునే పడింది. మా దారిలో ముప్పావు గంట కొండ ఎక్కుడు ఉంటుంది. ఎక్కుడు అయిపోయిన చోట, కొండ నెత్తిన, ఒక సొరంగం. సొరంగంలోకి వెళ్ళాను, ముల్లు ఎర్రలో ఉంది. సొరంగంలో ఆపకూడదు కాబట్టి బయటికొచ్చి పక్కకి తీసి ఆపాను. జనం దిగారు. ఎండలో నిలబడి నన్ను తిట్టేవాళ్ళు నన్ను, కంపెనీని తిట్టేవాళ్ళు కంపెనీని తిట్టారు. ఇంకో బస్సు వచ్చి వాళ్ళని ఎక్కించుకుంది. నా బస్సుని తాడు కట్టి లాక్కెళ్ళారు.

"నీళ్ళు చూసుకున్నావా?" అన్నాడు మా ఆయన సాయంత్రం, చెప్పులు కూడా విప్పకుండా.

"చూసుకున్నా."

"ఎప్పుడు? పొద్దున్నా, బయల్దేరే ముందా?"

"రెండుసార్లూ చూసుకున్నా. కావాలంటే రేపటి నుంచి మీరు టీ తాగే ముందొకసారి, తాగాకొకసారి చూసుకుంటా."

"వేళాకోళం కాదు. ఎర్రలోకి వెళ్ళిందంటే ఊరికే వెళ్ళదు."

"ఇంజను వేడెక్కలేదండీ. నా కాలికి తెలుస్తుంది కదా."

నా ఎడమకాలి పక్కనే ఇంజను. మధ్యలో ఉన్నది ఒక మూత. ఏడేళ్ళుగా ఆ కాలితో ఆ ఇంజను వేడి చూస్తున్నాను. ఎప్పుడు మామూలుగా ఉందో, ఎప్పుడు అలిసిందో నా పిక్కకి తెలుసు. ఆ రోజు పిక్కకి ఏమీ తెలియలేదు.

"కాలితో ఇంజను చూసే మేస్త్రీ నా సర్వీసులో కనపడలేదు" అన్నాడాయన.

"ఇప్పుడు కనపడింది కదా, చూసుకోండి" అన్నాను.

రేడియేటరు విప్పి కడిగాడు. ఫాను బెల్టు బిగించాడు. నీళ్ళ పంపు మార్చాడు. పదిరోజులు తిరక్కుండానే సరిగ్గా అక్కడే, ఆ సొరంగంలోనే, ముల్లు మళ్ళీ ఎర్రలోకి వెళ్ళింది. రెండో చుక్క. బోర్డు మీద చుక్క పెట్టేటప్పుడు మేనేజరు స్వయంగా వచ్చి నిలబడ్డాడు. చుక్క కాస్త చిన్నదైందని ఇంకోసారి దిద్దించాడు.

ఈసారి మా ఆయన ముల్లునీ, దానికి వేడి కబురు అందించే సెన్సరునీ కూడా మార్చాడు. పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజను మూలుగుతోందని చెబితే బ్యాటరీ మార్చాడు. కొత్త బ్యాటరీతోనూ అదే మూలుగు. వెతగ్గా వెతగ్గా యాక్సిలరేటరు తీగ మీది తొడుగు కరిగిపోయి కనపడింది. దాన్ని కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద నా ముందు పెట్టాడు.

"చూడు. ఇంత వేడి పుడుతోంది లోపల. నీ కాలికి తెలియలేదా మరి?"

తిప్పి తిప్పి చూశాను. "దీని పక్కనే రబ్బరు పైపుంది కదా. అది కరిగిందా?"

"లేదు."

"పైపులో ఉన్నది వేడినీళ్ళు. పైపు కరగలేదు, పక్కనున్న తీగ కరిగింది. అదేం వేడండీ, మనుషుల్ని చూసి అంటుకుంటుందా?"

ఆయన తీగని మళ్ళీ కాగితంలో చుట్టాడు. లోపల పీటమీద కూర్చుని దుప్పటికి కుట్టు వేసుకుంటున్న మా అత్తయ్య, "అడిగినదానికి జవాబు చెప్పరా" అంది. ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు.

ఇక్కడ ఆయన చేతి సంగతి చెప్పాలి. పదకొండేళ్ళ కిందట, ఎర్రలో ఆగిన ఒక బస్సు రేడియేటరు మూత తొందరపడి తిప్పాడు. మరిగిన నీళ్ళు ఎగదన్నాయి. కుడిచేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం ఊడి వచ్చింది. ఇప్పటికీ అక్కడ చర్మం మడతలు పడి మెరుస్తూ ఉంటుంది. చేయి నయమై పనిలోకి వచ్చిన రోజునే షెడ్డు గోడమీద మూరెడు అక్షరాలతో రాయించాడు: "ముల్లు ఎర్రలో ఉంటే చెయ్యి పెట్టరాదు." అప్పటినుంచి షెడ్డులో అదే పద్ధతి. ఎర్రలో ఆగిన బస్సుని లాక్కొస్తారు, నాలుగు గంటలు వదిలేస్తారు, పూర్తిగా చల్లారాక మూత ఎత్తుతారు. మంచి పద్ధతే, దానివల్ల ఎన్ని చేతులు దక్కాయో. కాని ఆ పద్ధతి వల్లనే, ముల్లు ఎర్రలో ఉన్నప్పుడు నా ఇంజను ఎంత వేడిగా ఉందో చెయ్యి పెట్టి చూసిన మనిషి ఆ షెడ్డులో ఒక్కడూ లేడు. అందరూ ముల్లునే చూశారు.

నెల దాటాక మూడోసారి జరిగింది మాత్రం వేరు.

ఆ రోజు సొరంగం లోపల ఒక లారీ చెడిపోయింది. బళ్ళన్నీ బయట వరసగా ఆగిపోయాయి. నేను ఇంజను ఆపి, కొండ నీడలో నలభై నిమిషాలు కూర్చున్నాను. కండక్టరు బాబాయ్ జనానికి కబుర్లు చెబుతూ కాలక్షేపం చేశాడు. ఈయన మా నాన్న వయసువాడు, రూలు పుస్తకం బట్టీ పట్టిన మనిషి. చివరికి లారీని తప్పించారు. సెల్ఫ్ కొట్టాను, మూలిగి మూలిగి లేచింది. ముల్లు మధ్యకి కాస్త ఇవతల ఉంది. ముందు బండి కదిలింది. సొరంగం కదా అని హెడ్‌లైట్లు వేశాను.

ముల్లు ఎగిరి ఎర్రలో పడింది.

పాకడం కాదు, ఎగరడం. నలభై నిమిషాలు నీడలో ఊరికే నిలబడ్డ ఇంజను కన్ను మూసి తెరిచేలోగా మరిగిపోయిందట! లైట్లు ఆర్పాను, ముల్లు దిగింది. వేశాను, ఎగిరింది. ఆర్పాను. వేశాను. వెనక బండివాడు హారను మోగిస్తున్నాడు.

"ఏంటమ్మాయ్ ఆ ఆటలు?" అన్నాడు బాబాయ్.

"బాబాయ్, ఇటొచ్చి చూడు. లైటుకీ వేడికీ ఏమిటి సంబంధం?"

ఆయన చూశాడు. నేను వేశాను, ఆర్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

ఇన్నాళ్ళూ ఎక్కుడు వల్ల అనుకున్నాం. ఎక్కుడు అయిన చోటే సొరంగం ఉంది. సొరంగం వస్తే లైట్లు వేస్తాం. పాపం ఎక్కుడిది కాదు, లైట్లది. ముల్లుని ఎర్రలోనే ఉంచి, ఇంజను మీది మూత ఎత్తి, షెడ్డు గోడమీద రాసింది గుర్తొచ్చినా సరే, పై పైపు మీద అరచెయ్యి పెట్టాను. పది లెక్కపెట్టాను. కాలలేదు. గట్టిగా నొక్కితే లోపలికి పోయింది. నిజంగా మరుగుతుంటే ఆ పైపు రాయిలా బిగుసుకుని ఉండాలి.

"ఎక్కండి, వెళ్తున్నాం" అన్నాను.

బాబాయ్ గాభరా పడ్డాడు. "ఎర్రలో ఉంటే ఆపాలని రూలమ్మా. ఇది మూడోది. ఆపినా చుక్కే, కాని ఆపకపోతే ఉద్యోగమే పోతుంది."

"రూలు ఇంజను కోసం పెట్టారు బాబాయ్, ముల్లు కోసం కాదు. నలభై ఇద్దరు జనాన్ని ఎండలో దింపి, బాగున్న బస్సుకి తాడు కట్టించమంటావా?"

"నేను ట్రిప్పు షీటులో రాయాలి మరి."

"ఉన్నది ఉన్నట్టు రాయి. ఎర్రలో ఉంది, ఆపలేదు అని రాయి. నా పేరు గుండ్రంగా రాయి."

సొరంగమంతా ఎర్రలోనే నడిపాను. నా పిక్క నిశ్చింతగా ఉంది. గుండె మాత్రం లేదు, అదీ చెప్పాలి కదా. కొండ దిగి, అవతల ఊరు చేరి, అందరినీ దింపి, మళ్ళీ ఎక్కించుకుని తిరిగొచ్చాను. ఇంజను ఒక్క ఆవిరి చుక్క కక్కలేదు.

గేటులోకి రాగానే మేనేజరు ఎదురొచ్చాడు. షీటు చదివి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. మూడో చుక్క పెట్టించాడు, తాళం తీసుకున్నాడు, ఒక కాగితం చేతికిచ్చాడు. టైపు చేసి ఉంది: "నా అజాగ్రత్త వలన ఇంజను వేడెక్కి పాడైనది. దీనికి నేనే బాధ్యురాలిని." కింద నా సంతకానికి చోటు, దాని కింద మేస్త్రీ సంతకానికి చోటు.

"ఏమ్మా, సంతకం పెడితే గేటు దగ్గర కూర్చోబెడతా. పెట్టకపోతే అదీ లేదు. రేపు పొద్దున మేస్త్రీ ఇంజను విప్పుతాడు. పదింటికి కాగితం నా బల్లమీద ఉండాలి" అన్నాడు.

"ఇంజను పాడవలేదు సార్."

"విప్పితే తెలుస్తుంది."

అదే నా భయం. ఏడేళ్ళు కొండెక్కి దిగిన ఇంజను. విప్పితే లోపల ఎక్కడో ఒక గీత, ఎక్కడో ఒక అరుగుదల కనపడకపోదు. అది తెచ్చి నా నెత్తిన రుద్దుతారు. ఇక నేను గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, నేను నడపాల్సిన బస్సుకి టోకెను ఇస్తూ బతకాలి.

ఇంటికొచ్చాక లైట్ల సంగతి మొత్తం చెప్పాను. మా ఆయన చివరిదాకా విన్నాడు. విని, "ఎక్కుడు ఎక్కిన ఇంజను, లోపల వేడి దాగి ఉంటుంది. లైట్లు వేసినప్పుడే బయటపడింది, అంతే" అన్నాడు.

"పదిసార్లు వేశాను, పదిసార్లూ ఎగిరింది. ఆర్పితే దిగింది. లోపలి వేడికి నా స్విచ్చు ఎక్కడుందో తెలుసా?"

"ముల్లు కొత్తది. సెన్సరు కొత్తది. అవి అబద్ధం చెప్పవు."

"అంటే నేను చెబుతున్నానా?"

ఆయన చూపు కిందికి దించుకున్నాడు. అది నాకు మూడు చుక్కల కంటే ఎక్కువ మండింది. కాగితం తీసి బల్లమీద పరిచాను. "పెట్టండి సంతకం. ముందు మీరే పెట్టండి. పెళ్ళాం మాట కంటే ముల్లు మాట నిజమని రాసి పెట్టండి. నేను మాత్రం ఛస్తే పెట్టను."

అప్పుడు లేచింది మా అత్తయ్య. ఆవిడ ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో జ్వరాల వార్డు ఆయా. రిటైరైనా గొంతు రిటైరవలేదు.

"ఒరేయ్, ఇలా చూడు. మా వార్డులో ఒకసారి ఒక పిల్లకి నూటనాలుగు జ్వరమని నర్సు చల్లటి నీళ్ళతో ఒళ్ళు తుడిచింది. పిల్ల గజగజ వణుకుతోంది. మళ్ళీ చూస్తే నూటనాలుగు, మళ్ళీ తుడుపు. నేను నుదుటిమీద చెయ్యి పెట్టా, చల్లగా ఉంది. చెప్పా. ఆయా మాట ఎవడు వింటాడు? అప్పుడు ఆ గాజుగొట్టం లాక్కుని, కడిగి నా నోట్లో పెట్టుకున్నా. నాకూ నూటనాలుగే! అప్పుడు మూసుకున్నారు నోళ్ళు."

"అది జ్వరం అమ్మా. ఇది ఇంజను."

"నీకు చిన్నప్పుడు జ్వరమొస్తే ముందు గొట్టం పెట్టానా, చెయ్యి పెట్టానా?"

"నీకు తెలీదమ్మా ఆ వేడి" అన్నాడాయన. ఎడమచేత్తో కుడిచేతి మీది మడతల చర్మం తడుముకుంటున్నాడు, తనకి తెలియకుండానే. "ఎర్రలో ఉన్న దాని దగ్గరికి వెళ్ళాలంటే... ఇప్పటికీ నాకు..." అని ఆపేశాడు.

పన్నెండేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. నామీద నమ్మకం లేక కాదు, భయం వల్ల ఇన్నాళ్ళూ చెయ్యి పెట్టలేదని అప్పుడర్థమైంది. కోపం తగ్గిందా అంటే, తగ్గలేదు. భయముంటే భయమని చెప్పాలి గాని, దాన్ని గోడమీద రూలుగా రాయించి, పెళ్ళాం పేరు పక్కన చుక్కలు పడుతుంటే చూస్తూ కూర్చుంటారా ఎవరైనా?

"పొద్దున ఇంజను విప్పే ముందు నాకొక్క పావుగంట ఇవ్వండి. రాత్రంతా చల్లారిన ఇంజను మీద చూపిస్తా. అప్పుడు కూడా ముల్లే నిజమనిపిస్తే విప్పుకోండి" అన్నాను.

ఆయన తల ఊపాడు.

పొద్దున్న ఏడింటికే షెడ్డుకి వెళ్ళాం. బస్సు వెనక గోడవారగా ఉంది. రాత్రంతా కదలని ఇంజను. ఆయన తాళం తెచ్చాడు. నేను సీట్లో కూర్చుని సెల్ఫ్ కొట్టాను. మూలిగింది, లేచింది. ముల్లు వణుకుతూ పైకి లేవడం మొదలుపెట్టింది. హెడ్‌లైట్లు వేశాను. లోపలి లైట్లు, ఫాన్లు, వైపర్లు, ఉన్నవన్నీ వేశాను. ఇంజను లేచి ఒక్క నిమిషం కూడా కాలేదు, ముల్లు వెళ్ళి ఎర్రలో కూర్చుంది.

"చూశారా?"

"చూశాను."

"ఇప్పుడు చెయ్యి పెట్టండి."

ఆయన రేడియేటరు ముందు నిలబడ్డాడు. చొక్కా చెయ్యి మణికట్టు దాకా లాక్కున్నాడు. నేను సీట్లోంచి చూస్తున్నాను, పిలవలేదు, తొందరపెట్టలేదు. వైపర్లు ఎండిన అద్దం మీద కీచుకీచుమంటున్నాయి. కాసేపటికి కుడిచెయ్యి చాచి రేడియేటరు మీద పెట్టాడు. తీయలేదు. తర్వాత పైపు మీద పెట్టాడు. ఆ తర్వాత గుడ్డ చుట్టి, మొహం పక్కకి తిప్పుకుని, మూత కొద్దికొద్దిగా తిప్పి తీశాడు. ఏమీ ఎగదన్నలేదు. నీళ్ళలో వేలు ముంచాడు.

"చల్లగా ఉన్నాయి" అన్నాడు.

ఆ తర్వాత నన్ను మర్చిపోయాడు. నేను పెళ్ళి చేసుకున్న మేస్త్రీ మళ్ళీ కనపడ్డాడు. పరిగెత్తుకెళ్ళి బొటనవేలంత లావు వైరు తెచ్చాడు. ఒక కొస బ్యాటరీకి పట్టించి, రెండో కొస ఇంజనుకి ఆనించి, "ముల్లు చూడు!" అని అరిచాడు.

ముల్లు చచ్చిన బల్లిలా కిందికి జారిపడింది.

"తీస్తున్నా."

లేచింది.

"పెడుతున్నా."

పడింది.

"ఎర్తు!" అన్నాడు. "కరెంటు వెళ్ళడానికి ఒక దారి, తిరిగి రావడానికి ఒక దారి. తిరిగొచ్చే దారి మూసుకుపోయింది. అందుకే మూలుగు. దారి లేక ఆ యాక్సిలరేటరు తీగలోంచి పారింది, అందుకే అది కాలింది. లైట్లు వేస్తే కరెంటు ఇంకా ఎక్కువ కావాలి, ముల్లుకి లెక్క తప్పుతుంది. బస్సు కుదుపుని బట్టి ఆ దారి ఒక రోజు తెరుచుకుంటుంది, ఒక రోజు మూసుకుంటుంది, అందుకే రోజూ ఎగరలేదు. వేడి లేదు, ఏమీ లేదు." మాట్లాడుతూనే ఇంజను కిందికి దూరాడు. ఇంజనునీ చాసిస్‌నీ కలిపే ఎర్తు పట్టీ కొస దొరికింది. బోల్టు విప్పాడు. విప్పి, అలాగే ఉండిపోయాడు.

"ఏమైంది?"

నేనూ వంగి చూశాను. బోల్టు కింద ఉత్త ఇనుము ఉండాల్సిన చోట నున్నటి ఆకుపచ్చ రంగు. చక్కగా, ఎక్కడా కారకుండా, గాజులా మెరుస్తోంది.

"మిగతా బస్సులకి పైపైన కొట్టారు. నీదానికి అన్నీ విప్పి వేశాను" అన్నాడు, బయటికి రాకుండానే. "రెండు పూతలు. నీ బస్సు కదా అని."

నాకు నవ్వాలో, ఏడవాలో, నాలుగు తగిలించాలో తెలియలేదు. మూడు చుక్కలూ ఆయన ప్రేమగా పెట్టినవే! తీరా నోట్లోంచి వచ్చింది ఒక్కటే మాట: "గీకండి."

గరుకు ఎమరీ కాగితం తెచ్చి గీకాడు. ఇనుము తెల్లగా బయటపడేదాకా గీకి, పట్టీ పెట్టి, బోల్టు బిగించాడు. సెల్ఫ్ కొడితే ఇంజను ఒక్క దెబ్బకి లేచింది. లైట్లూ ఫాన్లూ అన్నీ వేసి అరగంట నడిపాం. ముల్లు మధ్యలోకి వచ్చి బుద్ధిగా కూర్చుంది.

పదింటికి మేనేజరు కాగితం కోసం తనే వచ్చాడు. అప్పటికి డ్రైవర్లు సగం మంది పోగయ్యారు, కండక్టరు బాబాయ్ కూడా. మా ఆయన చెప్పింది విని, లైట్లు వేయించి ఆర్పించి చూసి, మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"సరే, బాగైంది కదా, సంతోషం. మూడో చుక్క తీసేద్దాం. మొదటి రెండూ రికార్డులోకి వెళ్ళిపోయాయి, ఉండనీ. ఎర్రలో నడపడం మాత్రం తప్పే. ఇక ముందు జాగ్రత్తగా ఉంటానని ఒక ముక్క రాసివ్వమ్మా, చాలు."

"రాయను" అన్నాను.

"ఏమ్మా?"

"మూడూ ఒకటే రంగు వల్ల పడ్డాయి సార్. మూడూ తీయాలి. ఇప్పుడే, అందరూ చూస్తుండగా తీయాలి. పెట్టినప్పుడు అందరికీ చూపించే పెట్టారు కదా? లేదంటే ఇదిగో తాళం. పదిన్నర బస్సుకి జనం వచ్చేశారు, మీరే ఎక్కి తీసుకెళ్ళండి. ఎక్కుడు కొంచెం నిలువుగా ఉంటుంది, చూసుకోండి."

ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు నావైపు కాక మా ఆయన వైపు చూశాడు. "ఏంటి మేస్త్రీ, మీ ఆవిడకి చెప్పుకోవా?"

మా ఆయన షెడ్డు రిజిస్టరు తెరిచాడు. నిలబడే రాశాడు, రాసింది పైకి చదివాడు: "ఇంజను వేడెక్కలేదు. రంగు మీద ఎర్తు బిగించితిని. తప్పు మేస్త్రీది." కింద సంతకం పెట్టాడు. మేనేజరు ఇచ్చిన కాగితాన్ని మడిచి ఆయనకే ఇచ్చేశాడు. తర్వాత జేబులోంచి పొద్దుటి ఎమరీ కాగితం తీసి, గేటు దగ్గరికి నడిచి, బోర్డు మీద నా పేరు పక్కన గీకడం మొదలుపెట్టాడు.

"ఏయ్, బోర్డు పాడవుతుంది!" అన్నాడు మేనేజరు.

"పాడైతే నా పేరు పక్కన చుక్క పెట్టండి సార్."

"నీ పేరు బోర్డు మీద లేదుగా!"

"రాయించండి మరి" అన్నాడు మా ఆయన, చెయ్యి ఆపకుండా.

మొదటి చుక్క పోయింది. రెండోది దిద్దించిన చుక్క కదా, కాస్త మొండికేసింది. మూడోది ఇంకా పచ్చిగా ఉండి కాగితానికి అంటుకుని వచ్చేసింది. చొక్కా చెయ్యి మోచేతి దాకా మడుచుకుని ఉంది, ఆ మడతల చర్మం అందరికీ కనపడుతోంది. ఆయన పట్టించుకోలేదు. నేను మాత్రం చూశాను. కోపం ఎప్పుడు తగ్గిందంటే అప్పుడు తగ్గింది.

పదిన్నర బస్సు పది నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది. సొరంగంలో ఉన్న లైట్లన్నీ వేశాను. ముల్లు కదల్లేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా హారను మోగించాను. అది మాత్రం రూలుకి విరుద్ధమే, బాబాయ్ షీటులో రాయలేదు.

ఆ బోర్డు ఇప్పటికీ గేటు పక్కనే ఉంది. మేస్త్రీల పేర్లు కూడా ఇప్పుడు దానిమీద ఉన్నాయి, అందరికంటే పైన మా ఆయనది. నా పేరు పక్కన మూడు చోట్ల ఉత్త రేకు, ఎండ పడితే దారిన పోయేవాళ్ళ కళ్ళలో కొడుతుంది. అసహ్యంగా ఉందని మేనేజరు మొన్న డబ్బా, కుంచె ఇచ్చి మా ఆయన్ని పంపాడు. నేను బస్సు దిగి, బోర్డుకి అడ్డంగా నిలబడ్డాను.

"దానిమీద రంగు పడిందంటే ఊరుకోను" అన్నాను.

మా ఆయన డబ్బా మూత మళ్ళీ బిగించేశాడు.